స్టెల్త్ దగ్గరే మా ఆట ఆగిపోతోంది: దాక్కునే నియమాలను ఎలా నడపాలి?

ప్రశ్న (కడప నుంచి)

అందరికీ నమస్కారం. కడపలో మేము డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్‌ను 2014 నాటి నియమాలతో ఆడుతున్నాము. ఆటగాళ్లు ఐదుగురు, ఆట నడిపేది నేను. కథాస్థలంగా గండికోటను ఎంచుకున్నాము. రాత్రివేళ కోటలోకి చొరబడి, ధాన్యాగారంలో బంధించిన ఒక దూతను విడిపించుకొని, కాపలావాళ్ల కంట పడకుండా పెన్న లోయలోకి దిగిపోవాలి. కోట ద్వారం దగ్గర, జుమ్మా మసీదు గోడ పక్కన, కత్తుల కోనేటి దగ్గర అందరిచేతా మళ్లీ మళ్లీ స్టెల్త్ (కనబడకుండా, చప్పుడు కాకుండా మసలే నైపుణ్యం) పాచికలు వేయించాను. ఇనుప కవచం తొడుక్కున్న యోధుడికి తక్కువ పడడంతో ధాన్యాగారం చేరకముందే అందరూ దొరికిపోయారు. మరోవైపు రోగ్ (దొంగలా పొంచి దెబ్బతీసే పాత్ర) పాత్రధారి, కాపలావాడు ఎదురుగా చూస్తుండగానే "దాక్కుంటున్నాను" అని పాచిక వేసి, 23 పడింది కాబట్టి తాను కనిపించనని పట్టుబట్టాడు. ఈ రెండు చిక్కులకూ పరిష్కారం చెప్పగలరని మనవి.

సమాధానం (కర్నూలు నుంచి)

కడప మిత్రునికి నమస్కారం. ముందుగా రోగ్ సంగతి చూద్దాం. మిమ్మల్ని స్పష్టంగా చూడగలుగుతున్న వారి నుంచి మీరు దాక్కోలేరని 2014 నియమాలలోనే ఉంది. దాక్కునే వీలు ఉందో లేదో తేల్చే అధికారం ఆట నడిపేవారిదేనని తరువాతి సవరణలో మరింత స్పష్టం చేశారు. కనుక పాచిక చేతికి తీసుకునే ముందే "ఎవరి నుంచి, దేని చాటున?" అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు లేనప్పుడు 23కు విలువ ఉండదు. ఎవరి నుంచి అన్న మాటను నేను ప్రత్యేకంగా నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే ఒకే బండ వెనుక ఉన్న మనిషి ద్వారం దగ్గరి కాపలావాడికి మరుగై, బురుజు మీది వాడికి పూర్తిగా కనిపిస్తూ ఉండవచ్చు.

మీ ధాన్యాగారం ముందు కాగడా పట్టుకొని నిలబడ్డ కాపలావాడినే తీసుకోండి. నియమాల ప్రకారం కాగడా చుట్టూ 20 అడుగుల వరకు మంచి వెలుతురు, ఆ తరువాత మరో 20 అడుగుల వరకు మసక వెలుతురు ఉంటాయి. కాపలావాడు మామూలు మనిషి కనుక చీకటిలో చూడగల శక్తి అతనికి లేదు. చంద్రుడు లేని రాత్రి మీవాళ్లు 50 అడుగుల దూరంలో ఉంటే అతని కంటికి ఆనరు, అక్కడ ఆలోచించవలసింది అలికిడి గురించి మాత్రమే. మసక వెలుతురులోకి అడుగు పెట్టిన తరువాత, చూపు మీద ఆధారపడినంత మేరకు అతని పాసివ్ పర్సెప్షన్ (పాచిక వేయకుండానే ఎంత గమనించగలడో చెప్పే సంఖ్య) 5 తగ్గుతుంది, అంటే 12 ఉన్నవాడికి 7 అవుతుంది. చివరి 20 అడుగులలో మాత్రం గోడో బండో అడ్డం ఉండి తీరాలి. కోట పటం మీద ఈ రెండు వలయాలను పెన్సిల్‌తో గీసి ఆటగాళ్ల ముందు పెట్టండి. ఎక్కడ పొంచి ఉండాలో, ఎక్కడ పరుగెత్తాలో వాళ్లే చర్చించుకోవడం మొదలుపెడతారు, వాదనలు చాలావరకు అక్కడే సద్దుమణుగుతాయి.

ఇక మాటిమాటికీ పాచిక వేయించడం గురించి. ఒకసారి దాక్కోవడానికి వేసిన పాచిక ఫలితం, వాళ్లు బయటపడేవరకు లేదా దాక్కోవడం మానేవరకు చెల్లుతుందని పుస్తకంలోనే ఉంది. ప్రతి మలుపులోనూ కొత్తగా వేయిస్తే ఎంతటి నేర్పరి అయినా దొరికిపోక తప్పదు. ఒక్కో చోట గట్టెక్కే అవకాశం నూటికి 80 ఉన్నవాడికి కూడా ఐదు చోట్ల వరుసగా గట్టెక్కే అవకాశం 33 మాత్రమే. అందువల్ల కోటలోకి ప్రవేశించేటప్పుడు ఒకసారి వేయించి, ఆ సంఖ్యను కాగితం మీద రాసుకొని, ఎదురయ్యే ప్రతి కాపలావాడి పాసివ్ పర్సెప్షన్‌తో దాన్నే పోల్చండి. గంట మోగడం, కుక్కలను వదలడం వంటి మార్పులతో పరిస్థితి నిజంగా మారినప్పుడే కొత్త పాచిక అడగండి.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. 1975లో దొంగ పాత్ర ఆటలోకి వచ్చినప్పుడే నీడలో దాక్కోవడానికి ఒక శాతం, చప్పుడు లేకుండా నడవడానికి మరో శాతం పెట్టారు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో కూడా దాక్కోవడం, నిశ్శబ్దంగా కదలడం వేర్వేరు నైపుణ్యాలు, ఎదుటివారికి చూడడం, వినడం వేర్వేరు నైపుణ్యాలు. వాటిలో ఏ ఒక్కటి తప్పినా పట్టుబడడమే. 2008 నాటి నాలుగో ఎడిషన్ వాటిని స్టెల్త్, పర్సెప్షన్ అనే రెండింటిగా కుదించింది. అది చాలా మంచి నిర్ణయమని నా అభిప్రాయం, పాచికలను పెంచుకుంటూ పోయి మనం దాన్ని వృథా చేసుకోకూడదు.

యోధుడి విషయంలో గ్రూప్ చెక్ వాడండి. అందరూ పాచిక వేస్తారు, కనీసం సగంమంది గెలిస్తే బృందమంతా గెలిచినట్లే. మనిషికి నూటికి 70 అవకాశం ఉందనుకుంటే, ఐదుగురూ విడివిడిగా గెలవవలసి వచ్చినప్పుడు బృందం తప్పించుకునే అవకాశం 17 శాతం మాత్రమే ఉంటుంది. ఐదుగురిలో ముగ్గురు గెలిస్తే చాలన్నప్పుడు అది 84 శాతానికి చేరుతుంది. చేయి పట్టి నడిపించడం, కవచం చప్పుడు కాకుండా గుడ్డ చుట్టడం వంటి పనులను ఆటగాళ్లచేత చెప్పిస్తే కథలో కూడా ఇది సహజంగా ఇమిడిపోతుంది.

అనుబంధ ప్రశ్న (అనంతపురం నుంచి)

అన్నగారూ, ఇదే సందర్భంలో నాదొక సందేహం. పోరాటం మొదలైన తరువాత మా రోగ్ ఒకే స్తంభం వెనుకకు వెళ్లి దాక్కోవడం, బయటికి వచ్చి బాణం వేయడం, మళ్లీ దాక్కోవడం చేస్తున్నాడు. దీన్ని ఒప్పుకోవాలా? పాచిక తప్పినప్పుడు వెంటనే కోటంతా మేల్కొన్నట్లు చూపించాలా?

సమాధానం (కర్నూలు నుంచి)

మొదటిదానికి నా జవాబు ఒప్పుకోవాలనే. రెండో స్థాయి నుంచి ప్రతి వంతులోనూ బోనస్ యాక్షన్‌తో (తన వంతులో అసలు పనికి తోడుగా చేసుకోగల అదనపు పనితో) దాక్కునే వీలు రోగ్‌కు నియమాలే ఇచ్చాయి, దాన్ని తీసేస్తే ఆ పాత్ర సగం చచ్చిపోతుంది. అయితే బాణం తగిలినా తగలకపోయినా అతని చోటు బయటపడుతుంది, ఆ స్తంభం వైపు నడిచి వెళ్లడానికి శత్రువులకు తెలివి ఉంది. 2024 నియమాలలో దాక్కోవడానికి కనీసం 15 రావాలని స్థిరంగా పెట్టారు. దాడి చేసినా, గుసగుస కంటే గట్టిగా చప్పుడు చేసినా దాక్కున్న స్థితి పోతుందని కూడా స్పష్టంగా రాశారు.

రెండోదానికి, ఎదుటివాడికి ఎంత తెలిసిందన్నదే కొలతగా పెట్టుకోండి. ఇలాంటిదే మరో ఆట అయిన పాత్‌ఫైండర్ 2019లో వచ్చిన రెండో ఎడిషన్‌లో దీన్ని నాలుగు మెట్లుగా విడదీశారు: మనిషి కనిపిస్తున్నాడు, కనిపించడు గాని ఎక్కడున్నాడో తెలుసు, ఉన్నాడని తెలుసు గాని ఎక్కడో తెలియదు, అసలు ఉన్నట్లే తెలియదు. పాచిక తప్పిన ప్రతిసారీ చివరి మెట్టు నుంచి మొదటి మెట్టుకు ఒక్కసారిగా దూకించకండి, ఒక మెట్టు మాత్రమే మార్చండి. రాయి దొర్లిన చప్పుడు విని కాపలావాడు కాగడా ఎత్తి "ఎవరది?" అంటూ నాలుగడుగులు ముందుకు వస్తాడు. బండ వెనుక ఉన్నవారికి ఇంకా ఒక వంతు గడువు ఉంటుంది. నోరు మూసుకొని ఉండడమా, పిల్లిలా అరవడమా, మీద పడి నోరు నొక్కడమా అని వాళ్లు తేల్చుకోవలసిన ఆ క్షణంలోనే ఆటకు అసలైన ఉత్కంఠ పుడుతుంది, దాన్ని పోగొట్టుకోకండి.

కడప మిత్రుడు

అన్నగారికి కృతజ్ఞతలు. వచ్చే ఆట ధాన్యాగారం దగ్గరే మొదలవుతుంది. యోధుడు కవచం విప్పేసి వస్తానంటున్నాడు, అది సబబేనా?

సమాధానం (కర్నూలు నుంచి)

సబబే. ప్లేట్ కవచం వల్ల స్టెల్త్‌కు డిస్‌అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువదాన్నే తీసుకోవడం) ఉంటుంది కనుక, విప్పితే అది పోతుంది. విప్పడానికి 5 నిమిషాలు, మళ్లీ తొడుక్కోవడానికి 10 నిమిషాలు పడుతుందని, మధ్యలో కత్తి దూయవలసి వస్తే తొడుక్కునే వ్యవధి ఉండదని పథకం వేసుకునేటప్పుడే అతనికి చెప్పండి. విప్పిన కవచాన్ని ఎక్కడ దాచారో కూడా అడిగి పటం మీద గుర్తు పెట్టుకోండి.