ఫైర్‌ఫాక్స్ మెర్క్యురియల్ వదిలేసి గిట్‌కి వెళ్ళింది, మంచికేనా?

కొత్తకోడర్: ఫైర్‌ఫాక్స్‌లో చిన్న బగ్ ఒకటి ఫిక్స్ చేద్దామని కూర్చున్నా. పాత ట్యుటోరియల్స్ అన్నీ మెర్క్యురియల్ అంటున్నాయి (గిట్‌లాగే కోడ్‌లో ఎవరు ఎప్పుడేం మార్చారో గుర్తుపెట్టుకునే వెర్షన్ కంట్రోల్ టూలు), చూస్తే 2025 మేలోనే అసలు రెపో, అంటే కోడ్ మొత్తం ఉండే చోటు, గిట్ రెపోలు పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌కి వెళ్ళిపోయిందట. మంచికేనా ఇది? క్లోన్ (రెపో మొత్తం నా మెషిన్‌లోకి కాపీ) పెట్టి వచ్చా, ఇంకా నడుస్తోంది. కొట్టుకోవద్దు ప్లీజ్.

పాతసర్వర్: మంచికేం కాదు. మెర్క్యురియల్ కమాండ్లు మనిషి మాట్లాడినట్టు ఉంటాయి. గిట్‌లో చెకౌట్ అంటే బ్రాంచి (కోడ్‌లో ఇంకో పాయకి) మారడమూ అదే, ఫైల్‌లో చేసిన మార్పులు పోగొట్టుకోవడమూ అదే, ఆ రెండిటినీ విడదీసి స్విచ్, రిస్టోర్ అని పెట్టడానికి 2019 దాకా పట్టింది వాళ్ళకి. పైగా గిట్‌హబ్ 2018 నుంచి మైక్రోసాఫ్ట్‌ది. లినక్స్ వాళ్ళు బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ వెర్షన్ కంట్రోల్ టూల్‌ని నమ్ముకుని కూర్చుంటే ఆ కంపెనీ ఫ్రీగా ఇవ్వడం ఆపేసింది, అందుకేగా 2005 ఏప్రిల్‌లో గిట్ పుట్టింది, మెర్క్యురియల్ కూడా ఆ నెలలోనే ఆ గొడవలోంచే పుట్టింది. ఇన్ని చూసి కూడా మళ్ళీ ఒక కంపెనీ గుమ్మంలోకే వెళ్ళాలా?

రాత్రిడ్యూటీ: గిట్ వేరు గిట్‌హబ్ వేరు అన్నా

పాతసర్వర్: తెలుసు తమ్ముడూ. రెపో ఎక్కడ పెట్టారో చూసి మాట్లాడు.

బ్రాంచిబాబు: పైథాన్ భాష తయారుచేసేవాళ్ళ సంగతి చూడండి. 2009లో బజార్, గిట్, మెర్క్యురియల్ మూడూ పోల్చి చూసి మెర్క్యురియల్ ఎంచుకున్నారు, 2011లో మారారు. అది పైథాన్‌లో రాసిన టూలు, సొంతింటి బిడ్డ లాంటిది, అయినా 2017 ఫిబ్రవరిలో దాన్ని వదిలేసి గిట్‌హబ్‌కి వచ్చేశారు. ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్ళకి వచ్చింది గిట్టే. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా కూడా 2023లోనే చెప్పింది, రెండు టూల్స్‌నీ మోయడం భారమైపోయిందని. కాలేజీ నుంచి వచ్చిన పిల్లాడికి మెర్క్యురియల్ నేర్పుతూ కూర్చుంటారా ఎవరైనా?

పాతసర్వర్: పిల్లల కోసమైతే పుల్ రిక్వెస్టులు (నా మార్పు కలుపుకోండి అని గిట్‌హబ్‌లోనే పంపేవి) తీసుకోవాలిగా? "తీసుకోం" అన్నారు. ప్యాచ్ (చేసిన మార్పు) రివ్యూ సైటు ఫాబ్రికేటర్‌లోనే, బగ్ వాళ్ళ బగ్‌ల లిస్టు బగ్‌జిల్లాలోనే అన్నారు. ఫంక్షన్ హాలు బుక్ చేసి భోజనాలు ఇంటి దగ్గర పెట్టినట్టుంది.

బ్రాంచిబాబు: దీనికీ దానికీ ఏంటి సంబంధం? రివ్యూ పద్ధతి వేరు, వెర్షన్ కంట్రోల్ వేరు. ఒకటొకటిగా మారుస్తున్నారు, తెలివైనవాళ్ళు అలాగే చేస్తారు.

పాతసర్వర్: పుల్ రిక్వెస్టులు తీసుకుంటున్నారా లేదా? అది చెప్పు ముందు.

బ్రాంచిబాబు: అదే పట్టుకుని వేలాడుతున్నావు. అసలు నువ్వు ఆఖరిసారి ఏ ప్రాజెక్టుకైనా ప్యాచ్ పంపింది ఎప్పుడన్నా? ప్రతి థ్రెడ్‌లో వచ్చి ఏడవడమే కదా.

సాంబారు404: కొట్టుకోవద్దన్నాడు పాపం 😂

పాతసర్వర్: చెప్తా విను. ఆరేళ్ళు ఒక ప్రాజెక్టుకి ప్యాచ్‌లు పంపాను, గిట్‌కి ముందు వాడిన సబ్‌వర్షన్ టూల్ రోజుల్లో. నాకు కమిట్ యాక్సెస్ (మార్పుని నేరుగా రెపోలో చేర్చే హక్కు) లేదు, మెయిల్‌లో పంపితే ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ కమిట్ చేసేవాడు, మెసేజ్‌లో చివర నా పేరు ఒక లైన్ రాసేవాడు. గిట్‌కి మారిన రోజు పాత హిస్టరీ మెస్సీగా ఉందని మొత్తం కోడ్‌ని ఒకే ఒక్క కమిట్‌గా తోసేశారు. ఆ ఒక్క లైనూ పోయింది. తర్వాత ఇంటర్వ్యూలో, ఆ ప్రాజెక్టులో పనిచేశా అంటే వాడు నా ముందే గిట్‌హబ్ తెరిచి వెతికాడు. నా పేరు లేదు. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు కూడా. ఇప్పుడు చెప్పు ఎందుకు ఏడుస్తానో.

బ్రాంచిబాబు: ...సారీ అన్నా, అది తెలీదు నాకు. కానీ తప్పు గిట్‌ది కాదు. సబ్‌వర్షన్‌లో కమిట్ చేసినవాడి పేరే పడుతుంది, రాసినవాడికి వేరే గడి లేదు. గిట్‌లో ఆథర్ వేరు, కమిటర్ వేరు. మెసేజ్‌లోంచి నీ పేరు తీసి ఆ గడిలో పెట్టొచ్చు, స్క్రిప్ట్‌తో అయ్యే పనే. ఇంకో మాట, 2007లో మొజిల్లా సీవీఎస్ అనే పాత టూల్ నుంచి నీ మెర్క్యురియల్‌కి వచ్చినప్పుడూ పాత హిస్టరీని వెనకే వదిలేసింది. పాత లైన్‌కి బ్లేమ్ (ఆ లైన్ ఎవరు రాశారో చూపే కమాండ్) కొడితే మనిషి పేరు రాదు, ఇంపోర్ట్ చేసిన మెషిన్ అకౌంట్ పేరు వస్తుంది.

పాతసర్వర్: అవును, అదీ తప్పే. నాకు టూల్‌తో పేచీ లేదనుకో. మా మెయింటెయినర్‌ని అడిగితే "ఎవరు కూర్చుని చేస్తారు అవన్నీ" అన్నాడు. మారడానికి ఆరు నెలలు కూర్చున్నారు, పేర్ల కోసం ఒక్క ఆదివారం కూర్చోలేకపోయారు.

రాత్రిడ్యూటీ: పాత సబ్‌వర్షన్ డంప్ (పాత హిస్టరీ మొత్తం కాపీ) ఎవరి దగ్గరైనా ఉందా అన్నా? ఉంటే ఈ ఆదివారం నేను ఖాళీనే

పాతసర్వర్: పాత హార్డ్ డిస్క్‌లో ఉండాలి. వెతుకుతా.

కొత్తకోడర్: అన్నలూ, క్లోన్ 61 శాతం దగ్గర ఆగి ఎర్రర్ కొట్టింది. మళ్ళీ మొదటి నుంచేనా?

సాంబారు404: మొదటి నుంచే