“సాక్షి సమూహము మేఘమువలె”: సాక్షి అంటే చూచేవాడా, చెప్పేవాడా?

మనవరాలు:
బైబిలు క్రొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం మొదటి వచనాన్ని మా నాయనమ్మ ప్రార్థనలో తరచుగా చెప్పేది. నా చెవిలో మిగిలినది “ఇంత గొప్ప సాక్షి మేఘము మనలను కమ్ముకొని యుండగా” అన్న పలుకు. అచ్చులో మాత్రం “ఇంత గొప్ప సాక్షి సమూహము మేఘమువలె మనలను ఆవరించియున్నందున” అని ఉన్నది. ఆమె చెప్పినది వేరొక పాఠమా, జ్ఞాపకం చేసిన మార్పా? ఇంకొక సందేహం కూడా ఉన్నది. ఈ సాక్షులు ఆ వచనం చెప్పే మన పరుగును చూస్తున్నవారా, లేక తమ బ్రతుకుతో మనకు ఏదో చెప్పి వెళ్లినవారా? ఆమె పోయిన తరువాత ఈ రెండవ ప్రశ్నే నన్ను వదలడం లేదు. మొదటి అర్థమే సరియైనదైతే ఆమె ఇప్పుడు నన్ను చూస్తూ ఉండాలి. రెండవదైతే చూడనక్కర లేదు, చెప్పవలసినది ఆమె చెప్పే వెళ్లింది.

వ్యాకరణాభిమాని:
“సాక్షుల సమూహము” అని ఉండాలని ఎవరైనా దిద్దబోయే ముందే ఒక మాట. సాక్షిన్ అనేది నకారాంత శబ్దం కనుక సమాసంలో పూర్వపదమైనప్పుడు నకారం లోపించి సాక్షి అని మిగులుతుంది. బహుత్వాన్ని సమూహమే మోస్తుంది. మంత్రిమండలిలో మంత్రి ఒక్కడే అని ఎవరూ అనుకోరు గదా. ఇక అర్థం విషయంలో నాకు సందేహమే లేదు. పాణిని ఈ శబ్దాన్ని “సాక్షాద్ద్రష్టరి సంజ్ఞాయామ్” అని సాధించాడు, అనగా స్వయంగా చూచినవాడే సాక్షి. మనం అగ్నిసాక్షిగా అంటాము. అగ్ని ఎన్నడూ నోరు విప్పి సాక్ష్యం చెప్పలేదు. కనుక మీ నాయనమ్మగారు చూస్తున్నారు.

గ్రీకు చదువరి:
అనువాదానికి ఎన్నుకొన్న సంస్కృత శబ్దపు వ్యుత్పత్తిని పట్టుకొని మూలకర్త మనసును నిర్ణయించడం న్యాయం కాదేమో. గ్రీకు మూలంలో సమూహము అన్న మాట లేదు, “వలె” కూడా లేదు. ఉన్నది నెఫొస్ మార్తురోన్, అనగా సాక్షుల మేఘం. దట్టంగా కూడిన జనాన్ని మేఘమనడం గ్రీకులో హోమరు నాటి నుండి ఉన్న అలవాటే. ఇలియడ్ నాలుగవ సర్గలో కాల్బలం మేఘమై కదులుతుంది. తెలుగు పాఠకునికి అది వింతగా తోచవచ్చునని అనువాదకులు రూపకాన్ని విప్పి ఉపమగా చేశారు. నాయనమ్మగారి జ్ఞాపకం “వలె”ను జారవిడిచి, తెలియకుండానే మూలానికి దగ్గరగా పోయింది. అది వేరొక అనువాదమని నాకు తోచదు.

మార్తురోన్‌కు ఏకవచనమైన మార్తుస్ అంటే గ్రీకులో ప్రధానంగా న్యాయస్థానంలో నిలబడి చెప్పేవాడు. చూచిన విషయమే చెప్పవచ్చు, కాని చెప్పకపోతే అతడు మార్తుస్ కాడు. మన భాషలోనూ అబద్ధ సాక్ష్యం చెప్పేవాడికి కూటసాక్షి అన్న మాట ఉన్నది. చూడడం మాత్రమే సాక్షి పని అయితే, అబద్ధంగా చూడడం ఎట్లాగో వ్యాకరణాభిమానిగారు వివరించాలి.

వ్యాకరణాభిమాని:
కూటసాక్షి దెబ్బను ఒప్పుకొంటున్నాను. అయినా సందర్భాన్ని విడువను. ఆ వచనంలోనే పందెం ఉన్నది, పరుగు ఉన్నది. పందెమున్న చోట చుట్టూ ప్రేక్షకులు ఉండరా? పైగా ఇదే పత్రిక 10వ అధ్యాయం 33వ వచనంలో “పదిమందిలో ఆరడిపడితిరి” అన్న చోట గ్రీకులో ఉన్నది రంగస్థలానికి సంబంధించిన క్రియ అని మీకు తెలియనిది కాదు. అక్కడ హేళన చేసే పదిమంది చుట్టూ ఉన్నారు. ఇక్కడ వారికి బదులుగా 11వ అధ్యాయంలో వరుసగా తలచిన పూర్వులు చుట్టూ నిలిచారు. రచయిత ఆ రంగస్థలాన్ని మరచిపోలేదు, అందులోని చూపరులను మార్చాడు. (ఆరడి అన్న మాటను అక్కడ వేసిన చేతికి నమస్కారం.)

పద్యప్రియ:
చుట్టూ నిలిచిన సాక్షులంటే నాకు ఆదిపర్వంలో నన్నయగారి శకుంతల గుర్తుకు వస్తుంది. నిండుసభలో తనను ఎరుగనన్న దుష్యంతునితో ఆమె వేదాలు, పంచభూతాలు, ధర్మం, సంధ్యలు, అంతరాత్మ, యముడు, చంద్రసూర్యులు, పగలు, రాత్రి అన్నీ “పురుషవృత్త మెఱుంగుచు నుండు” అని చెబుతుంది. ఇన్ని మహాపదార్థాలు ఉండగా నరుడు తన్ను తాను మ్రుచ్చిలగలడా, అనగా మోసగించుకోగలడా అని అడుగుతుంది. ఆ చంపకమాలలో సాక్షి అన్న మాటే లేదని గమనించండి. ఎఱుంగు అన్న క్రియ ఒక్కటే అంత పనీ చేసింది. శకుంతలకు మనుష్యులలో ఒక్క సాక్షీ లేకపోవడం వల్లనే ఆమె సృష్టినంతటినీ పిలవవలసి వచ్చింది. నన్నయగారిని ప్రసన్నకథాకవి అని ఊరకే అనలేదు. తెలుగు చెవికి సాక్షి అనగానే మౌనంగా చూచే శక్తి తోచడంలో ఇటువంటి పద్యాల పాత్ర ఉన్నదని నా నమ్మకం.

గ్రీకు చదువరి:
పద్యం అందమైనదే, కాని అది మీ వాదానికి ఎదురు తిరుగుతుంది. అక్కడి సాక్షులు తప్పు చేసినవాణ్ణి భయపెట్టేవారు. హెబ్రీ పత్రికలోని వారు అలసినవాణ్ణి లేపేవారు. మొదటి పనికి చూపు చాలు, రెండవ పనికి చాలదు. కష్టంలో ఉన్న మనిషికి తనను ఎవరో చూస్తున్నారన్న తలపు కొన్నిసార్లు అదనపు భారమే అవుతుంది. ఇదే దారిలో నడిచిన ఒకరు చివరికంటా నిలిచారన్న వార్త వేరు. ఆ పూర్వులలో ఒకడైన, అన్న చేతిలో చచ్చిన హేబెలును గురించి “అతడు మృతినొందియు ఆ విశ్వాసముద్వారా మాటలాడుచున్నాడు” అన్నారే గాని, చూచుచున్నాడు అనలేదు.

అసలు 11వ అధ్యాయంలో ఈ ధాతువు ఎట్లా వాడబడిందో చూడండి. 2, 4, 5, 39 వచనాలలో తెలుగు వరుసగా “సాక్ష్యము పొందు” అన్నది. పెద్దలు సాక్ష్యము పొందిరి, హేబెలు పొందెను, హనోకు పొందెను, చివరికి వీరందరూ పొందినవారే. అనగా సాక్ష్యం చెప్పినవాడు దేవుడు. వీరు ఎవరిని గూర్చి చెప్పబడిందో ఆ మనుష్యులు. చూచేవారా, చెప్పేవారా అన్న ప్రశ్నకు మూడవ జవాబు కూడా ఉన్నదన్న మాట.

చరిత్ర చదువరి:
హతసాక్షి అన్న మాటను ఎవరూ తలవకపోవడం ఆశ్చర్యంగా ఉన్నది. రెండవ శతాబ్దంలో స్ముర్న బిషప్పు పొలికార్పును చంపినప్పుడు అక్కడి సంఘం వ్రాసి పంపిన లేఖలో మార్తుస్ అంటే ప్రాణమిచ్చినవాడన్న అర్థం స్థిరపడి కనబడుతుంది. క్రీస్తును దూషిస్తే విడిచిపెడతానన్న అధికారితో, 86 ఏండ్లు ఆయనను సేవించాను, ఆయన నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజును ఎట్లా దూషించగలనని ఆ వృద్ధుడు అన్నట్లు అందులో ఉన్నది. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో చంపబడిన పెర్పెతువ కథ ఇంకా మీకు నచ్చుతుంది, ఎందుకంటే అది మాటను గూర్చినదే. చంటిబిడ్డ తల్లియైన ఆమె చెరసాలలో వ్రాసుకొన్నదాని ప్రకారం, మనసు మార్చుకొమ్మని బ్రతిమాలిన తండ్రికి ఆమె ఒక పాత్రను చూపి, దీనిని దీని పేరుతో గాక వేరొక పేరుతో పిలవగలమా అని అడిగింది. తానూ క్రైస్తవురాలిని తప్ప వేరొకటి అనుకోలేనన్నది. మేఘంలో ఉన్నది ఇటువంటి వారేనని నా అభిప్రాయం.

వ్యాకరణాభిమాని:
ఆ అర్థం పత్రిక నాటికి స్థిరపడలేదు. పదకొండవ అధ్యాయంలో రంపాలతో కోయబడినవారు ఉన్నారు, నిజమే. కాని యాకోబు ముసలితనంలో చేతికఱ్ఱ మీద ఆనుకొని ఆరాధించడం కూడా అందులోనే, అదే వరుసలో ఉన్నది. అతడు ఎవరి చేతా హతుడు కాలేదు.

గ్రీకు చదువరి:
ఆ కఱ్ఱ వెనుక ఒక అచ్చు అక్షరం ఉన్నది. ఆదికాండం 47వ అధ్యాయం 31వ వచనంలో యాకోబు వంగినది మంచపు తలాపి మీద. దాని మూలభాషయైన హెబ్రీలో హల్లులు రెండింటికీ ఒకటే. మిట్టా అని చదివితే మంచం, మట్టే అని చదివితే కఱ్ఱ. గ్రీకు అనువాదకులు రెండవ విధంగా చదివారు, పత్రికా రచయిత వారిని అనుసరించాడు. అచ్చులు వ్రాయని లిపిలో ఒక ముసలివాణ్ణి పడుకోబెట్టడమో నిలబెట్టడమో చదువరి చేతిలో ఉంటుంది.

మనవరాలు:
మంచం మాట వచ్చింది గనుక చెబుతున్నాను. చివరి నెలల్లో మా నాయనమ్మ మంచం దిగలేదు. కూర్చోబెట్టబోతే “ఓపిక లేదమ్మా” అనేది, ఆ వెంటనే ఇదే వచనాన్ని “పందెములో ఓపికతో పరుగెత్తుదము” అని ముగించేది. ఆ రెండు ఓపికలూ ఒకటేనా?

వ్యాకరణాభిమాని:
రెండూ ఓపు ధాతువు నుండి వచ్చినవే. ఓపు అంటే భరించడం, శక్తి కలిగి ఉండడం. ఓర్పులో సహనమే ఉన్నది, ఓపికలో సహనంతో పాటు ఒంట్లోని సత్తువ కూడా ఉన్నది. అక్కడ ఓర్పు వేసి ఉంటే వచనం కుంటేది, ఎందుకంటే ఓర్పుతో కూర్చుంటారు గాని పరుగెత్తరు. గ్రీకు చదువరిగారి హుపొమొనేలో, భారం కింద నిలిచి ఉండడమనే దానిలో, ఇంత వెసులుబాటు ఉన్నదా?

గ్రీకు చదువరి:
లేదు. ఈ ఒక్క చోట తెలుగు మూలాన్ని మించిందని వ్రాసి ఇస్తాను.

వ్యాకరణాభిమాని:
మనవరాలుగారూ, ఒక చిన్న సంగతి మిగిలింది. ఆమె పలికినది “కమ్ముకొని” అనియా, “క్రమ్ముకొని” అనియా? ఆ రేఫ ఉంటే ఆమె ఎటువంటి చదువు చదివారో కొంత ఊహించవచ్చు.

మనవరాలు:
నాకు నిశ్చయంగా గుర్తు లేక మా మేనత్తను అడిగాను. ఆమె రెండూ కాదంటున్నది. “మేఘము కప్పుకొని” అనేదట.

గ్రీకు చదువరి:
అయితే మరీ ఆశ్చర్యం. మూలంలోని పెరికెయిమెనొన్ ఒంటికి చుట్టుకొని ఉన్నదానికీ చెల్లుతుంది. 5వ అధ్యాయం 2వ వచనంలో యాజకుడు “బలహీనతచేత ఆవరింపబడి” ఉన్నాడన్న చోట అదే క్రియ, తెలుగులోనూ అదే ఆవరించు.

వ్యాకరణాభిమాని:
కాని “మేఘము మనలను కప్పుకొని” అన్న వాక్యం పొసగదు. మేఘం కర్త అయితే “కప్పి” అనాలి. “కప్పుకొని” అంటే మేఘాన్ని దుప్పటిగా కప్పుకొన్నది మనమే కావాలి. ఆమె “మనలను” అన్నదా, “మనము” అన్నదా? దయచేసి మేనత్తగారిని మరొకసారి అడగండి.