బొనైర్‌లో మొదటిసారి తీరం నుంచి డైవింగ్: గైడ్ లేకుండా మేమిద్దరమే దిగొచ్చా?

నీలికెరటం:

అందరికీ నమస్కారం. మేము డాలస్‌లో ఉంటాం. నేనూ మావారూ పోయిన వేసవిలో ఇక్కడే ఒక సరస్సులో ఓపెన్ వాటర్ సర్టిఫికేషన్ (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు కోర్సు) పూర్తి చేశాం. తర్వాత మెక్సికోలో కొజుమెల్ వెళ్ళి పడవ మీద నుంచి కొన్ని డైవ్‌లు చేశాం. అక్కడ అంతా గైడ్ వెనకాలే. ఆయన తిరిగిన వైపు తిరిగాం, పైకి రమ్మంటే వచ్చాం.

ఫిబ్రవరిలో బొనైర్ వెళ్తున్నాం. తెలియనివాళ్ళ కోసం చెప్తాను: వెనెజువెలాకి ఉత్తరాన కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న ద్వీపం, నెదర్లాండ్స్ పాలనలో ఉంది. పడమటి తీరం పొడవునా రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళు ఉంటాయి. ఒక్కో రాయి మీద ఒక్కో డైవ్ సైట్ పేరు. పికప్ ట్రక్ అద్దెకు తీసుకుని, వెనక ట్యాంకులు వేసుకుని, నచ్చిన రాయి దగ్గర ఆపి నడుచుకుంటూ నీళ్ళలోకి దిగిపోవడమే. పడవ అక్కర్లేదు.

మావారు, "వెళ్ళేదే ఆ స్వేచ్ఛ కోసం, మళ్ళీ గైడ్ ఎందుకు?" అంటున్నారు. నాకేమో నీళ్ళలో మేమిద్దరమే ఉంటామంటే టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. మొదటిసారికి గైడ్ అవసరమా, కాదా?

పసుపురాయి:

అవసరం లేదండీ. మీవారి మాటే నా మాట. నేను హ్యూస్టన్ నుంచి వీలున్నప్పుడల్లా బొనైర్ వెళ్తుంటాను.

ఓపెన్ వాటర్ కార్డుకి అర్థమే అది: మీరు శిక్షణ పొందినలాంటి పరిస్థితుల్లో, 18 మీటర్ల లోపు, ఇంకొక డైవర్‌తో కలిసి సొంతంగా దిగగలరని. గైడ్ లేకుండా దిగలేమంటే ఆ కోర్సు చేసి ఏం లాభం? పైగా కొత్తవాళ్ళు సొంతంగా దిగడం మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన చోటు నాకు తెలియదు. గాలి దాదాపు ఎప్పుడూ తూర్పు నుంచే వీస్తుంది కాబట్టి పడమటి తీరం చాలావరకు ప్రశాంతంగా ఉంటుంది. నీళ్ళు 26 నుంచి 29 డిగ్రీలు. 25, 30 మీటర్ల దూరం దాకా కనిపిస్తుంది. మీ టెక్సస్ సరస్సులో చెయ్యి చాపితే వేళ్ళు కనిపించాయా?

దారి తప్పడం కూడా కష్టమే. తీరం నుంచి కొద్ది నిమిషాలు ఈదితే రీఫ్ (పగడాల దిబ్బ) అంచు వస్తుంది. అక్కడ సుమారు పది మీటర్ల లోతు, తర్వాత వాలుగా కిందికి పోతుంది. పోయేటప్పుడు లోతు మీ కుడిచేతి వైపు ఉంటే, వచ్చేటప్పుడు ఎడమచేతి వైపు ఉండాలి. అంతే.

ఇంకో సంగతి. ఎప్పుడూ గైడ్ వెనకాలే తిరిగేవాళ్ళకి ట్యాంకులో గాలి ఎంత మిగిలిందో చూపే సొంత గేజ్ చూసుకునే అలవాటు రాదు. ఆరుగురిని వెంటేసుకుని ఆయన పోతుంటే, వెనకబడకూడదని కాళ్ళు గబగబా కొడతారు, గాలి త్వరగా అయిపోతుంది, చేప ముఖం కూడా సరిగ్గా చూడరు. మీరిద్దరే అయితే ఒక్క పగడపు బండ దగ్గర పావుగంట ఉండొచ్చు.

రుషికొండ_డైవర్:

పసుపురాయి గారూ, మీరు చెప్పినవన్నీ నీళ్ళలో మునిగిన తర్వాతి సంగతులు. నేను ఇన్‌స్ట్రక్టర్‌ని, కొన్నేళ్ళు అండమాన్‌లో పనిచేసి ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. తీరం నుంచి డైవింగ్‌లో దెబ్బలు ఎక్కువగా తగిలేది లోతులో కాదు, మోకాలి లోతు నీళ్ళలో. ఆ అమ్మాయి శిక్షణ పొందింది సరస్సులో. మీరు చెప్పిన "అలాంటి పరిస్థితుల్లో" అనే షరతు దగ్గరే ఆగిపోవాలి.

కొంచెం వివరంగా చెప్తాను. బొనైర్ తీరంలో ఇసుక తక్కువ. గరుకైన సున్నపురాయి గట్టు, దాని ముందు చచ్చిన పగడపు ముక్కలు, మీద నాచు. కాలు పెడితే కదులుతాయి. ట్యాంకు, బీసీడీ (గాలి నింపి తేలడానికి వాడే జాకెట్), మునగడానికి కట్టుకునే బరువులు కలిపి ఒంటి మీద ఇరవై కిలోలకి పైనే ఉంటుంది. మోకాలి లోతులో అల వచ్చి తగిలితే అడుగు ఎక్కడ పడుతుందో కనిపించదు, తేలిపోదామంటే నీళ్ళు చాలవు. చీలమండలు మడతపడేది అక్కడే. చెయ్యి ఆనిద్దామంటే సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్లు) ఉండొచ్చు, రాళ్ళ రంగులోనే కలిసిపోయి విషపు ముళ్ళున్న స్కార్పియన్ ఫిష్ ఉండొచ్చు.

అందుకే పద్ధతి ఇది. ముందు ఒడ్డున పది నిమిషాలు నిలబడి అలలు చూడాలి. అవి గుంపులుగా వస్తాయి, మధ్యలో కాస్త తెరిపి ఉంటుంది. ఆ తెరిపిలో దిగాలి. దిగేముందే మాస్క్ ముఖానికి, రెగ్యులేటర్ (ట్యాంకు గాలి పీల్చే పరికరం) నోట్లో, బీసీడీలో కొంత గాలి ఉండాలి. ఫిన్స్ (ఈదడానికి కాళ్ళకి తొడిగే రెక్కలు) చేతికి తగిలించుకుని, రెండో చేత్తో ఒకరినొకరు పట్టుకుని, పాదం ఎత్తకుండా నేలకి రాసుకుంటూ జరగాలి. నడుం లోతు రాగానే వెల్లకిలా వాలి తేలాలి. ఫిన్స్ తేలుతూనే వేసుకోవాలి. మందపాటి అడుగు ఉన్న బూటీలు, వాటి మీదికి వచ్చే పట్టీ ఫిన్స్ ఉండాలి. ఉత్తకాళ్ళకి తొడిగే ఫిన్స్ అక్కడ పనికిరావు.

వచ్చేటప్పుడు ఇంకా కష్టం, ఎందుకంటే అప్పటికే అలిసిపోయి ఉంటారు. ఒడ్డు కనిపించగానే చాలామంది రెగ్యులేటర్ తీసేస్తారు. అప్పుడే వెనక నుంచి అల వచ్చి పడేస్తుంది. నీళ్ళు పూర్తిగా దాటేదాకా అది నోట్లోనే ఉండాలి. పడిపోతే లేవబోవద్దు, పాకుతూ రండి. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఇదంతా చదివితే రాదు, పక్కన మనిషి ఉండి చెయ్యి పట్టుకుని చేయించాలి. అండమాన్‌లో హేవ్‌లాక్ ద్వీపంలో నీమో రీఫ్ దగ్గర తీరం నుంచే దించుతారు. అక్కడ నీళ్ళు ఇంకా నెమ్మదిగా ఉంటాయి, అయినా కొత్తవాళ్ళని ఒంటరిగా వదలం. మొదటి రెండు రోజులు గైడ్‌ని పెట్టుకో అమ్మా. మీ ఇద్దరికే ఒక గైడ్, గుంపుతో వద్దు.

ఉప్పుగాలి:

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నేరుగా విమానం ఉంది కాబట్టి బొనైర్ నాకు అలవాటైన చోటు. ఇప్పటిదాకా మీరిద్దరూ ఈ దంపతులకి ఏమవుతుందనే మాట్లాడారు. రీఫ్‌కి ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

ఆ పగడాలు అలా ఉన్నాయంటే ఊరికే కాదు. ఈటెతో చేపలు పొడవడం అక్కడ 1971లోనే నిషేధించారు. 1979లో తీరం నుంచి 60 మీటర్ల లోతు దాకా ద్వీపం చుట్టూ మెరైన్ పార్క్ చేశారు. డైవర్లు గ్లవ్స్ వేసుకోకూడదు, ఎందుకంటే చేతికి రక్షణ ఉంటే దేన్నైనా పట్టుకోబుద్ధి వేస్తుంది. ఇన్ని చేసినా 2023లో పగడాల కణజాలాన్ని తినేసే జబ్బు అక్కడికీ వచ్చింది. మెదడు ఆకారంలో ఉండే పెద్ద పగడాలు, వందల ఏళ్ళవి, కొద్ది వారాల్లో తెల్లబడి చచ్చిపోతాయి. నిరుడు మామూలుగా ఉన్న బండ ఈ ఏడు సున్నం కొట్టినట్టు కనిపిస్తే నీళ్ళలోనే నాకు ఏడుపొచ్చింది.

అలాంటి చోట నీళ్ళ మధ్యలో ఒకే లోతులో తేలడం సరిగ్గా రాని ఇద్దరు డైవర్లు ఎవరూ చూడకుండా దిగితే, ఒక్క ఫిన్ దెబ్బతో ఎంత పోతుందో వాళ్ళకే తెలియదు. వెనక్కి చూసుకోరు కదా. నాకు గైడ్ కావాలనిపించేది అందుకు. మీ గేర్‌ని కూడా వెళ్ళేముందూ వచ్చాకా క్రిమిసంహారక ద్రావణంలో ముంచి కడగండి, డైవ్ షాపుల్లో అడిగితే చూపిస్తారు.

పసుపురాయి:

ఉప్పుగాలి గారూ, మీ బాధ అర్థమైంది, కాదనను. కానీ మీరు చెప్పిన పని కొంతవరకు అక్కడి నియమమే చేస్తోంది. పార్కు ఫీజు 40 డాలర్లు కట్టి, ఓరియంటేషన్ విని, మొదట ఒక చెక్ డైవ్ (అన్నీ సరిచూసుకునే డైవ్) చేస్తేనే మిగతా డైవ్‌లు. అది ఎవరికైనా తప్పదు, ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా సరే. బరువులు సరిచూసుకోవడం, తేలడం సరిచేసుకోవడం అప్పుడే అయిపోవాలి.

రుషికొండ గారు చెప్పిన దిగే పద్ధతి అక్షరాలా నిజం. అయితే దానికి గైడ్ ఒక్కటే మందా? చోటు ఎంచుకోవడం కూడా మందే. బారీ రీఫ్, బడ్డీస్ రీఫ్ లాంటివి రిసార్టుల ముందే ఉన్నాయి. అక్కడ చెక్క వంతెన మీద నుంచి దిగొచ్చు, పైకి రావడానికి నిచ్చెన ఉంటుంది. రాళ్ళూ అలల గొడవే లేదు. తర్వాత ఇసుక ఉన్న చోటు కావాలంటే విమానాశ్రయం పక్కన తె ఆమో. దక్షిణం కొసన ఉన్న రెడ్ స్లేవ్, విల్లెమ్స్‌టోరెన్ లైట్‌హౌస్ మాత్రం కొత్తవాళ్ళకి కాదు. అక్కడ అలలూ ఎక్కువ, ప్రవాహమూ ఎక్కువ. ట్రక్కు ఆపి ఒడ్డున ఉన్న బానిసల గుడిసెలు చూసి రండి. 1850లో కట్టినవి. ఉప్పు మడుల్లో పనిచేసిన మనుషులు ఆ గుమ్మాల్లోంచి పాక్కుంటూ దూరి పడుకునేవాళ్ళు. అది చూడకుండా బొనైర్ నుంచి రాకూడదని నా అభిప్రాయం.

ఉత్తరాన థౌజండ్ స్టెప్స్ ఉంది. మెట్లు నిజానికి డెబ్బై లోపే. అయినా ట్యాంకుతో ఎక్కేటప్పుడు గుండె దడదడలాడుతుంది. దాన్ని వారం చివరికి ఉంచుకోండి.

గేరుట్రక్కు:

చర్చ మధ్యలో ఒక చిన్న విషయం. డైవ్ సైట్ల దగ్గర ట్రక్కుల్లోంచి దొంగతనాలు జరుగుతాయి. మా ట్రక్కులోంచి తువ్వాళ్ళు, చెప్పులు కూడా పోయాయి. పాస్‌పోర్టు, ఫోను, పర్సు బసలోనే పెట్టండి. అద్దాలు దించి, తలుపులు తాళం వెయ్యకుండా వదిలేయమని అక్కడివాళ్ళే చెప్తారు, లోపల ఏమీ లేదని తెలిస్తే పగలగొట్టరని. అద్దె ఒప్పందంలో అద్దాలకి, దొంగతనానికి బీమా వర్తిస్తుందో లేదో ముందే చదవండి. ట్రక్కులు చాలావరకు గేర్లు మార్చేవే. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పి పెట్టుకోవాలి.

నీలికెరటం:

అందరికీ చాలా థాంక్స్. మావారికి అన్నీ చదివి వినిపించాను. మోకాలి లోతు సంగతి విని కాస్త మెత్తబడ్డారు. కానీ, "రెండు రోజులు గైడ్ అంటే వారంలో మూడో వంతు పోయినట్టే" అంటున్నారు. పైగా ఆయనకి హిల్మా హూకర్ అనే మునిగిన ఓడ చూడాలని ఉంది. అది కూడా తీరం నుంచే కదా, మేం వెళ్ళొచ్చా?

రుషికొండ_డైవర్:

వద్దు. ఆ ఓడ సుమారు 72 మీటర్ల పొడవు. గంజాయి దొరికి పట్టుబడి, అక్కడే కట్టి ఉంచిన ఓడ 1984 సెప్టెంబరు 12న మునిగింది. పక్కకి వాలి 30 మీటర్ల లోతులో పడి ఉంది. పైభాగానికి చేరేసరికే మీ 18 మీటర్ల హద్దు వచ్చేస్తుంది. అంత పెద్ద ఓడ ఎదురుగా ఉంటే కిందికి దిగకుండా ఎవరూ ఆగలేరు. అడ్వాన్స్‌డ్ కోర్సు అక్కడే చేసి, అందులో లోతు డైవ్‌గా ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్ళండి.

మీకు కొజుమెల్‌లో తెలిసిరాని తేడా ఒకటుంది. అక్కడ ఎక్కడ పైకి తేలితే అక్కడికి పడవ వచ్చి ఎక్కించుకుంటుంది. ఇక్కడ దిగిన చోటికే మీరు ఈదుకుంటూ రావాలి. అందుకని గాలి లెక్క వేరు. ట్యాంకులో గాలి ఒత్తిడి 200 బార్‌తో దిగితే, ఇద్దరిలో ఎవరిది ముందు 130కి వస్తే అప్పుడే వెనక్కి తిరగాలి. ప్రవాహం ఉంటే ముందు దానికి ఎదురు ఈదాలి, అలిసిపోయాక అదే వెనక్కి తెస్తుంది. దిగేముందు ఒడ్డు మీద ఒక గుర్తు చూసుకోవాలి, నీళ్ళలో రీఫ్ అంచు దగ్గర ఇంకొక గుర్తు. తిరిగి వచ్చేటప్పుడు ఆ రెండోది కనిపించకపోతే ఎక్కడ బయటికి రావాలో తెలియదు. మీరెక్కడున్నారో పైన ఉన్నవాళ్ళకి తెలిసేలా నీళ్ళలోంచి పైకి వదిలే గొట్టం బెలూన్ ఇద్దరి దగ్గరా ఉండాలి. వారమంతా రోజూ డైవ్ చేస్తారు కాబట్టి చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి.

మీరిద్దరూ ఈ పనులన్నీ ఒకరికొకరు గుర్తుచేయకుండా చేస్తున్నారో లేదో చూసి చెప్పడానికే నేను గైడ్ అంటున్నది. చేపలు చూపించడానికి కాదు.

పసుపురాయి:

అలా అయితే నాదొక మాట. గైడ్‌ని ఒక్క రోజుకి పెట్టుకోండి, కానీ ఆయన్ని మీ వెనక ఈదమనండి. ఎక్కడ దిగాలి, ఎటు పోవాలి, ఎప్పుడు తిరగాలి అన్నీ మీరే తేల్చుకోవాలి. మీరు తప్పు చేస్తేనే ఆయన కలగజేసుకోవాలి. బుక్ చేసేటప్పుడే ఇలా కావాలని రాస్తే చాలామంది ఒప్పుకుంటారు. రెండు రోజులు ఆయన తోక పట్టుకుని తిరిగితే కొజుమెల్‌కీ దీనికీ తేడా ఉండదు.

రుషికొండ_డైవర్:

నీళ్ళ కింద ఆయన వెనక ఉంటే నాకు అభ్యంతరం లేదు, ఆలోచన బాగుంది. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మాత్రం ఆయన ముందుండాలి. పైగా ఆ రోజు చెక్క వంతెన దగ్గర చేస్తే ఉపయోగం లేదు. రాళ్ళ మీద నుంచి దిగే సైట్‌లోనే చేయించుకోండి.

ఉప్పుగాలి:

వెనక ఉండే మనిషికి మీ ఫిన్స్ ఎక్కడ తగులుతున్నాయో కూడా కనిపిస్తుంది. అది చూసి చెప్పమని ప్రత్యేకంగా అడగండి, అడక్కపోతే మర్యాదకి ఊరుకునేవాళ్ళు ఉంటారు. స్థానిక గైడ్‌ని పెట్టుకుంటే ఆ డబ్బు ద్వీపంలోనే ఉంటుంది.

నీలికెరటం:

డైవ్ షాపుకి ఇప్పుడే మెయిల్ రాశాను: మొదటి రోజు ఓరియంటేషన్, చెక్ డైవ్. రెండో రోజు ఉదయం మా ఇద్దరికే గైడ్, రాళ్ళ ఒడ్డు, కింద మా వెనకాల ఈదాలి, ఫిన్స్ తగిలితే చెప్పాలి. ఆ మధ్యాహ్నం నుంచి మేమిద్దరమే. అలలు ఉన్న రోజు రిసార్టు ముందే దిగుతాం. అడ్వాన్స్‌డ్ కోర్సు ఖర్చు కూడా అడిగాను. దక్షిణం వైపు ఈసారి డైవింగ్ లేదని నేనంటున్నాను, మావారు ఇంకా ఒప్పుకోలేదు.