అకార్డియన్ మీద బ్లూస్ వాయించిన క్లిఫ్టన్ షెనియే ముప్పయ్యేళ్ళకు పైగా ఎలా నిలబడ్డారు?

తెనాలి హార్మోనిస్టు (ప్రశ్న)

నేను ఇరవై రెండేళ్ళుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. ఈ మధ్య మా మేనల్లుడు తన ఫోనులో 'బొగలూసా బూగీ' అనే రికార్డు వినిపించాడు. వాయించినది క్లిఫ్టన్ షెనియే అనే, అమెరికాలోని లూసియానా రాష్ట్రపు కళాకారుడని, ఆ సంగీతాన్ని జైడెకో అంటారని చెప్పాడు. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ వాద్యం మా వాద్యానికి దగ్గరి చుట్టమని మొదటి నిమిషంలోనే చెవి పసిగట్టింది. ఆనాటి నుంచి రెండు సందేహాలు నన్ను వదలడం లేదు.

మెట్ల మీద స్వరాలు కదలకుండా బిగుసుకొని ఉంటాయని, గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలికించడం, వీలుకాదని చెప్పి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బయటికి పంపింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. అమెరికా నల్లజాతి వారి బ్లూస్ కూడా స్వరాన్ని వంచి పాడే సంగీతమే అంటారు కదా, అటువంటప్పుడు అదే జాతి వాద్యమైన అకార్డియన్ మీద ఆయన దానిని ఎలా పలికించగలిగారు? ఇక రెండవది: 1954లో తొలి రికార్డు ఇచ్చి, 1987లో కన్నుమూసే దాకా వాయిస్తూనే ఉన్న ఆయన, ఎక్కువ భాగం ఒక మారుమూల ప్రాంతపు ఫ్రెంచి మాండలికంలో పాడుతూ అన్నేళ్ళు దీని మీదనే ఎలా బతకగలిగారు? నాతో పాటు పని మొదలుపెట్టిన హార్మోనిస్టులలో సగం మంది పదేళ్ళు తిరగకముందే వేరే పనులు చూసుకున్నారు కనుక ఈ రెండవ ప్రశ్న నాకు మరీ ముఖ్యం.

గోదావరి గట్టు మరమ్మతు దుకాణం

హార్మోనిస్టు గారూ, మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. హార్మోనియాలతో పాటు చర్చిల నుంచి వచ్చే అకార్డియన్లను కూడా విప్పి బాగుచేయడం నా వృత్తి.

మన పెట్టెలో ఇత్తడి రీడు, అంటే గాలికి అదిరి మోగే పలుచని నాలుక, ఒకే దిక్కున గాలి వెళ్ళినప్పుడు మోగుతుంది. అకార్డియన్‌లో ఉక్కు రీడ్లు పలక మీద జంటగా ఉంటాయి. తిత్తిని లాగితే ఒకటి, నొక్కితే మరొకటి మోగుతుంది. షెనియే కంటే ముందు తరం నల్లజాతి క్రియోల్ (లూసియానాలో ఫ్రెంచి మాట్లాడే) వాద్యకారులు వాయించినది పది బటన్ల చిన్న అకార్డియన్. దానిలో ఆ రెండు రీడ్లూ రెండు వేర్వేరు స్వరాలకు కట్టి ఉంటాయి. పైగా పెట్టె మొత్తం ఒకే శ్రుతికి, ఒకే మేళానికి బిగించి ఉంటుంది. 1929 నుంచి 1934 వరకు రికార్డులు ఇచ్చిన అమెదె ఆర్దోయిన్ ఆ చిన్న పెట్టె మీదనే అద్భుతాలు చేశారు, కాని అవి జంటగా నాట్యం చేసే పాటలైన వాల్ట్జ్‌లు, టూ-స్టెప్‌లు. బ్లూస్‌కు ఇతర స్వరాలు కావాలి. షెనియే ఎంచుకున్న పియానో అకార్డియన్‌లో కుడిచేతి వైపు మన హార్మోనియంలో ఉన్నట్లే స్థాయికి పన్నెండు మెట్లు ఉంటాయి. లాగినా నొక్కినా అదే స్వరం పలుకుతుంది. అందువల్ల గాయకుడికి కావలసిన శ్రుతికి మారవచ్చు, బ్లూస్‌కు ప్రాణమైన తగ్గు గాంధారమూ తగ్గు నిషాదమూ చేతికి అందుతాయి.

మన భాషలో చెప్పాలంటే, బ్లూస్ గాంధారం తగ్గు గాంధారమైన సాధారణ గాంధారానికీ, హెచ్చు గాంధారమైన అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. ఆ చోట మెట్టు లేదు. పియానో మీద బ్లూస్ వాయించేవారు సాధారణ గాంధారాన్ని ఒక్క క్షణం తాకి, వేలు జార్చి అంతర గాంధారం మీద ఆపుతారు; చెవి ఆ రెండింటి నడుమనున్న స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. పియానోకు లేని తిత్తి షెనియే గారికి ఉంది కనుక, ఆ జారుడు మీద గాలి ఒత్తిడిని కుదిపి స్వరాన్ని వణికించేవారు. నిజంగా వంగవలసిన చోట గొంతు వంగేది. పద్యం చివర గాయకుడి రాగాలాపన వెనుక మీరు చేసే పని కూడా దీనికి చాలా దూరం కాదని నా అభిప్రాయం.

'బొగలూసా బూగీ' మళ్ళీ విన్నప్పుడు ఆ గరగరమనే లోహపు శబ్దం మీద కూడా చెవి పెట్టండి. అది అన్న క్లీవ్‌లాండ్ షెనియే వాయించిన ఫ్రొట్వార్. పూర్వం బట్టలు రుద్దే ముడతల రేకును మెడకు వేలాడదీసుకొని వాయించేవారట. భుజాల మీద చొక్కాలా తొడుక్కునేలా, ఛాతీ అంతటికీ వచ్చేలా ముడతల రేకును చేయించాలన్న ఊహ 1946 ప్రాంతంలో క్లిఫ్టన్‌కు కలిగితే, విల్లీ లాండ్రీ అనే లోహపు పనివాడు దానిని చేసి ఇచ్చాడు. క్లీవ్‌లాండ్ రెండు చేతుల నిండా సీసా మూతలు తీసే ఓపెనర్లు పట్టుకొని దాని మీద గీకేవారు. రేకు పనివాడి చేతి మీదుగా పుట్టిన ఆ వాద్యం ఇవాళ లేకుండా జైడెకో బృందమే ఉండదు.

పాత రికార్డుల పెట్టె

రెండవ ప్రశ్నకు ఆయన జీవితాన్ని కొంత వరుసగా చూడవలసి ఉంటుంది.

క్లిఫ్టన్ షెనియే 1925 జూన్ 25న లూసియానాలోని ఒపెలూసస్ దగ్గర పల్లెలో, కౌలు వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టారు. తండ్రి జోసెఫ్ ఇళ్ళలో జరిగే నాట్యాలకు అకార్డియన్ వాయించేవారు. క్లిఫ్టన్ యువకుడిగా చెరకు నరికారు. 1940ల చివర టెక్సస్ సరిహద్దు దాటి, పోర్ట్ ఆర్థర్‌లోని చమురు శుద్ధి కర్మాగారాలలో పనిచేస్తూ వారాంతాలలో అన్నతో కలిసి వాయించేవారు. 1954లో లేక్ చార్ల్స్‌లోని ఒక రేడియో స్టేషన్‌లో ఎల్కో అనే చిన్న కంపెనీకి తొలి రికార్డు ఇచ్చారు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌కు చెందిన స్పెషాల్టీ కంపెనీ తీసుకువచ్చిన 'ఏ-తెత్ ఫీ' పేరు తెచ్చిపెట్టడంతో ఉద్యోగం మానేసి దేశం తిరిగారు. ఫిలిప్ వాకర్, లోన్సమ్ సన్‌డౌన్ వంటి గిటారు వాద్యకారులు అప్పుడు ఆయన బృందంలోనే ఉన్నారు. తరువాత చెస్ సంస్థకు కొన్ని రికార్డులు చేశారు గాని, 1950లు ముగిసేసరికి ఆ వేడి చల్లారిపోయింది. పెద్ద కంపెనీలేవీ ఆయన కోసం రాలేదు.

మలుపు 1964లో వచ్చింది. జర్మనీ నుంచి కుర్రతనంలో అమెరికాకు వలస వచ్చి, కాలిఫోర్నియాలో ఆర్హూలీ అనే చిన్న రికార్డు కంపెనీ నడుపుతున్న క్రిస్ స్ట్రాఖ్విట్జ్ హ్యూస్టన్‌కు వచ్చినప్పుడు, షెనియేతో పెళ్ళి సంబంధం ద్వారా చుట్టరికం ఉన్న బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ స్ట్రాఖ్విట్జ్‌ను ఫ్రెంచ్‌టౌన్‌లోని ఒక చిన్న బీరు దుకాణానికి తీసుకువెళ్ళాడు. అక్కడ షెనియే ఒక్క డ్రమ్ముల వాద్యకారుణ్ణి వెంట పెట్టుకొని వాయిస్తున్నారు. స్ట్రాఖ్విట్జ్‌కు కావలసింది సరిగ్గా అదే పచ్చి శబ్దం, ఆ ఫ్రెంచి పాట. షెనియేకు మాత్రం ఆనాటి రిథమ్ అండ్ బ్లూస్ హిట్లలాగా, పూర్తి బృందంతో, ఇంగ్లీషులో రికార్డు చేయాలని ఉండేది. 1965లో వచ్చిన 'లూసియానా బ్లూస్ అండ్ జైడెకో' ఆల్బమ్ ఈ ఇద్దరి రాజీ ఫలితం: సగం ఆయన కోరిన పద్ధతి, సగం ఈయన కోరిన పద్ధతి. 'జైడెకో సోఁ పా సాలే' అనే పాట అందులోదే. చిక్కుళ్ళలో ఉప్పు లేదని దాని అర్థం. అంటే వాటిలో వేసి వండుకోవడానికి ఉప్పు మాంసం కూడా ఇంట్లో లేదని. చిక్కుళ్ళకు క్రియోల్ ప్రజలు వాడే 'లే జారికో' అన్న మాటే నలిగి నలిగి జైడెకో అయిందన్నది ఎక్కువ మంది చెప్పే వ్యుత్పత్తి.

నన్నడిగితే ఆయన సుదీర్ఘ జీవితానికి ఈ కలయికే కారణం. 1966లో బర్క్‌లీ బ్లూస్ ఫెస్టివల్, 1975లో స్విట్జర్లాండులోని మాంట్రూ ఉత్సవం, ఆ ఏడాదే బొగలూసాలో చేసి 1976లో విడుదలైన మీరు విన్న ఆల్బమ్, ఇవన్నీ దాని వెంట వచ్చినవే. స్టాన్లీ డ్యూరల్, అంటే తరువాత బక్‌వీట్ జైడెకో అన్న పేరుతో ప్రసిద్ధుడైనవాడు, షెనియే గారి రెడ్ హాట్ లూసియానా బ్యాండులో ఆర్గన్ వాయిస్తూ పని నేర్చుకున్నవాడే. 'ఐయామ్ హియర్' ఆల్బమ్‌కు 1984లో గ్రామీ వచ్చింది, అదే ఏడాది జానపద కళాకారులకు అమెరికా ప్రభుత్వమిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ కూడా. అయితే ఆ గ్రామీ ఆర్హూలీకి చేసినది కాదు, అలిగేటర్ కంపెనీకి చేసినది.

హ్యూస్టన్ వాసి

పై మిత్రుల వివరాలతో నాకు పేచీ లేదు గాని, నిర్ణయంతో ఉంది. కొండ మీద విగ్రహాన్ని ఎవరో కనుగొంటే గాని గుడి వెలియలేదన్నట్లు చెప్పడం సరికాదు. స్ట్రాఖ్విట్జ్ ఆ బీరు దుకాణానికి వెళ్ళేసరికి షెనియే ఖాళీగా కూర్చొని లేరు, వాయిస్తూ ఉన్నారు. ఆ వాయించడమే ఆయన జీవనాధారం.

నేను హ్యూస్టన్‌లో పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి ఫిఫ్త్ వార్డులోని ఫ్రెంచ్‌టౌన్ లూసియానా నుంచి పనుల కోసం వచ్చిన క్రియోల్ కుటుంబాలు కట్టుకున్న పేట. లూసియానాలోని లాఫయెట్ నుంచి లేక్ చార్ల్స్, పోర్ట్ ఆర్థర్ మీదుగా హ్యూస్టన్ దాకా వారి బంధువర్గం పరచుకొని ఉంది. షెనియే బండి తిరిగిన దారీ అదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకా నిర్మాణపు పనులకు వేల మంది కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ ప్రాంతానికి వెళ్ళారు; ఆయన అక్కడికీ వెళ్ళి వాయించారు. 1971లో రిచ్‌మండ్‌లోని సెయింట్ మార్క్స్ కాథలిక్ చర్చి హాలులో జరిగిన నాట్యం రికార్డుగానే దొరుకుతుంది. అది వినండి హార్మోనిస్టు గారూ, మీ రెండవ ప్రశ్నకు జవాబు అందులో ఉంది. అక్కడున్నవారు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళే ప్రేక్షకులు కారు, ఊరు విడిచి వచ్చిన మనుషులు తమ భాషలో పాట విని నాట్యం చేయడానికి వచ్చినవారు. ఆయన విరామం లేకుండా నాలుగు గంటలు వాయించేవారు. రికార్డులు అమ్ముడుపోని ఏళ్ళలో కూడా శనివారం రాత్రి నాట్యం ఆగలేదు. కంపెనీ మారింది, ఫ్యాషన్ మారింది, ఆ హాళ్ళు మారలేదు.

భాష విషయంలో కూడా ఒక మాట. లూసియానా 1921 నాటి రాజ్యాంగం ప్రకారం బడులలో ఇంగ్లీషు తప్పనిసరి అయింది. బడిలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లలను దండించేవారు. షెనియే పుట్టింది ఆ తరువాత నాలుగేళ్ళకు. చిన్నప్పుడు సిగ్గుపడమని నేర్పిన భాషలో ఒక మనిషి తల మీద కిరీటం పెట్టుకొని, నేను జైడెకో రాజునని చెప్పి పాడుతుంటే ఆ హాలులోని పెద్దవాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. 1970ల నుంచి ఆయన నిజంగానే వేదిక మీద కిరీటం పెట్టుకునేవారు. ఇంగ్లీషులో పాడాలన్న కోరిక ఆయనదే కావచ్చు, స్ట్రాఖ్విట్జ్ పట్టుదల వల్లనే ఫ్రెంచి పాటలు రికార్డుకెక్కి ఉండవచ్చు. ఆ మేరకు ఆ మనిషికి రుణపడే ఉన్నాం.

ఇంకొక్క సవరణ, ఎవరూ ఇక్కడ పొరబడలేదు గాని బయట తరచుగా వినబడుతుంది కనుక. దీనిని కేజన్ సంగీతం అనకండి. 1755 తరువాత కెనడా నుంచి బ్రిటిషువారు వెళ్ళగొట్టగా వచ్చిన తెల్లవారి వంశీకులు కేజన్లు. జైడెకో నల్లజాతి క్రియోల్ ప్రజలది. ఇరుగుపొరుగున ఉండి ఇచ్చిపుచ్చుకున్నారన్నది నిజమే, అయినా పేర్లు వేరు, చరిత్రలు వేరు. గ్రామీవారు కూడా ఈ రెంటినీ ఒకే గంపలో వేసి 2008 నుంచి 2011 దాకా ఒక విభాగం నడిపారు, ఆపైన దానిని ప్రాంతీయ మూల సంగీతం అన్న ఇంకా పెద్ద గంపలో కలిపేశారు. అన్నట్టు, షెనియే కంటే ఒక ఏడాది ముందే, 1983లో, క్వీన్ ఐడా అనే జైడెకో అకార్డియన్ కళాకారిణి గ్రామీ అందుకున్నారు.

పాత రికార్డుల పెట్టె

హ్యూస్టన్ వాసి గారి మాట సగం ఒప్పుకుంటాను. నాట్యపు హాళ్ళు ఆయనను బతికించాయి. కాని ఆ హాళ్ళలో నాలుగు గంటలు వాయించిన మరెందరో అకార్డియన్ వాద్యకారుల పేర్లు ఇవాళ మనకు తెలియవు. తెనాలిలో ఉన్న మన మిత్రునికి షెనియే వినబడింది రికార్డు వల్లనే.

చివరి ఏళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. మధుమేహం ముదిరి 1979లో పాదంలో కొంత భాగం తీసివేయవలసి వచ్చింది. మూత్రపిండాలు చెడిపోయిన తరువాత డయాలిసిస్ చేయించుకుంటూ, ఆ రోజుల నడుమనే కార్యక్రమాలు కుదుర్చుకొని వాయించారు. 1987 డిసెంబరు 12న లాఫయెట్‌లో మరణించారు. బృందాన్ని కుమారుడు సి. జె. షెనియే అందుకున్నాడు, అతడు మొదట అందులో సాక్సఫోన్ వాయించేవాడు.

తెనాలి హార్మోనిస్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. సెయింట్ మార్క్స్ రికార్డు నిన్న రాత్రి పూర్తిగా విన్నాను. పాట ముగిసీ ముగియకముందే కేకలు, వెంటనే మరో పాట. మా నాన్నగారి రోజుల్లో వన్స్ మోర్ అని అరిస్తే పద్యం ముగిసిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకునేవారని విన్నాను, అది గుర్తుకొచ్చింది. తెల్లవారేదాకా ఆడే నాటకాలు ఇప్పుడు రెండు గంటలకు కుదించుకుపోయాయి, అడిగేవారు తగ్గారు. మాకు పోయినది రికార్డు కంపెనీ కాదు, ఆ కేకలు వేసే జనం.

సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి జార్చడం నా పెట్టె మీద ప్రయత్నించాను. తిత్తి ఎడమచేత్తో కుదిపితే వణుకు కొంత వచ్చింది, కాని మేము తిత్తిని లాగినప్పుడు నిలవ గాలి మీద మోగుతుంది కనుక ఆ కుదుపు సగం మెత్తబడిపోతున్నది. మరమ్మతు దుకాణం వారికి ఒక విన్నపం: గుంటూరులో ఎడమచేతి వైపు నలభై ఎనిమిది బేస్ (మంద్ర స్వరాల) బటన్లున్న పాత పియానో అకార్డియన్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. నేర్చుకోవడానికి అది చాలునా?

గోదావరి గట్టు మరమ్మతు దుకాణం

చాలును. షెనియే గారి వంటి పెద్ద పెట్టెలకు నూట ఇరవై బటన్లు ఉంటాయి, భుజాలు నొప్పి పుట్టేంత బరువు. మొదట మీకు అంత అవసరం లేదు. డబ్బు ఇచ్చే ముందు పట్టీలు విప్పి, ఏ మెట్టూ నొక్కకుండా పెట్టెను ఒక వైపు పట్టుకొని రెండవ వైపును కిందికి వదలండి. నెమ్మదిగా, బద్ధకంగా తెరుచుకుంటే తిత్తి బాగున్నట్లే. దబ్బున జారితే ధర సగానికి అడగండి, తిత్తి సంగతి నేను చూస్తాను.