నీళ్లలో మునగనివాళ్లకు ప్రభువు బల్ల ఇవ్వకూడదా?

పటమట సిస్టర్: అందరికీ వందనాలు. మా అత్తగారిది గుంటూరు, లూథరన్ సంఘం. పసితనంలోనే బాప్తిస్మం ఇప్పించారు, పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని తనే ఒప్పుకునే కన్ఫర్మేషన్ అయింది. పోయిన నెల మొదటి ఆదివారం విజయవాడలో మేం వెళ్లే సంఘానికి తీసుకొచ్చాను, ఇక్కడ నమ్మినవాళ్లను నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. ప్రభువు బల్ల, అంటే యేసు చివరి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు, రొట్టె పళ్లెం వచ్చింది. ఆవిడ ముసుగు సర్దుకుని చెయ్యి చాపితే, ఒక పెద్ద "మీరు మునగలేదు కదమ్మా" అని పళ్లెం పక్కావిడకు అందించేశాడు. ఇది న్యాయమేనా?

కృష్ణలంక బ్రదర్: బాధే సిస్టర్, కానీ వరస అదే. అపొస్తలుల కార్యములు 2లో వాక్యం నమ్మారు, బాప్తిస్మం పొందారు, ఆ తర్వాతే రొట్టె విరిచారు. పసిబిడ్డ ఏం నమ్ముతుంది? అయోగ్యంగా తిన్నందుకే కొరింథులో రోగాలు, చావులు వచ్చాయని పౌలు రాశాడు. ఆ పెద్ద ఆవిడ మేలు కోరే ఆపాడు.

బ్రాడీపేట లూథరన్: 1 కొరింథీయులు 11 కాస్త పైనుంచి చదవండి బ్రదర్. ఉన్నవాళ్లు ముందే తిని తాగేస్తుంటే లేనివాళ్లు ఆకలితో ఉండిపోయారు, పౌలు కోపం దాని మీద. తోటివాళ్లను సిగ్గుపరచడమే అక్కడి తప్పు, మీ పెద్ద చేసింది కూడా అదే. మాకు బల్ల ఉత్త జ్ఞాపకం కాదు, క్రీస్తు శరీరం, రక్తం నిజంగా అందుతాయి. 1529లో మార్బర్గ్‌లో మా లూథర్, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ మిగతావన్నీ ఒప్పుకుని దీని దగ్గరే కదా విడిపోయింది.

గుణదల వాసి: మా కతోలిక పూజలో కూడా వేరే సంఘాలవాళ్లకు మామూలుగా సత్ప్రసాదం (మీరు బల్ల అనేదే) ఇవ్వరండీ. దాన్ని అవమానం అనుకోకూడదు.

బ్రాడీపేట లూథరన్: తనను పట్టించిన శిష్యుడు యూదాకే ఇచ్చిన ప్రభువు ఈ పెద్దావిడకు ఇవ్వడా?

కృష్ణలంక బ్రదర్: యూదా తినలేదు. యోహాను 13లో ముక్క తీసుకుని వెంటనే బయటికి వెళ్లిపోయాడు.

బ్రాడీపేట లూథరన్: లూకా 22లో గిన్నె ఇచ్చాక కూడా వాడి చెయ్యి బల్ల మీదే ఉంది, చూడండి.

పాత గుంటూరు: యూదా గొడవ తర్వాత. అత్తగారి సంగతి తేల్చండి.

కృష్ణలంక బ్రదర్: తేల్చేదేముంది? అడిగినవాడికల్లా ఇస్తే ఏమవుతుందో నేను ఇంట్లో చూశాను. మా నాన్న శనివారం రాత్రి తాగొచ్చి అమ్మను కొట్టేవాడు, ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని బల్ల తీసుకునేవాడు. అమ్మ వాచిన మొహంతో అదే వరసలో కూర్చునేది. పాస్టర్ గారు ఒక్కసారంటే ఒక్కసారి ఆపలేదు. బల్లకు కాపలా ఉండాలని నేనంటే మీకు పట్టింపులా కనపడుతోందా?

బ్రాడీపేట లూథరన్: ఆయన్ని ఆపాల్సిందే బ్రదర్, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆయన మునిగి బాప్తిస్మం పొందినవాడేనా?

కృష్ణలంక బ్రదర్: పొందాడు. బందరు కాలవలో.

బ్రాడీపేట లూథరన్: మరి ఆ కాపలా ఆయన్ని లోపలికి వదిలేసి ఈవిడను బయట నిలబెడుతోంది కదా. ఆపాల్సింది మారని మనసును.

కృష్ణలంక బ్రదర్: మనసు ఎవరికి కనపడుతుంది? బాప్తిస్మం కనపడుతుంది. నేను మాత్రం ఇవ్వమని చెప్పను. అంతమందిలో కాకుండా ముందు రోజే ఇంటికెళ్లి చెప్పాల్సింది, అంతవరకు ఒప్పుకుంటా.

పటమట సిస్టర్: ముందు చెప్పినా ఆవిడ అడిగేది ఒకటే బ్రదర్, యాభై ఏళ్లకు పైగా తీసుకున్నదంతా బల్ల కాదా అని. దానికి ఏం చెప్పమంటారు?