చేతులు వణికే మిత్రునికి నమూనా రైలు పెట్టెలను పట్టాలెక్కించే సులువైన మార్గం ఏది?

నెల్లూరులో ఉద్యోగ విరమణ చేసిన మేము కొందరం మిత్రులం మా మేడమీది గదిలో, ఆవిరి ఇంజన్ల కాలం నాటి బిట్రగుంట లోకో షెడ్డును 1:87 నిష్పత్తిలో, 16.5 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న పట్టాలపై నిర్మిస్తున్నాము. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కనుక ఈ నిష్పత్తిలో 19 మిల్లీమీటర్లు దాటాలి. అయినా దొరికే పట్టాలతోనే సరిపెట్టుకున్నాము.

మాలో పెద్దవారైన ఒకరికి ఇటీవల చేతులు వణుకుతున్నందున, పెట్టెల చక్రాలను పట్టాలపై నిలపడం, కొక్కేలు విడదీయడం సాధ్యం కావడం లేదు. మేము చేసిపెడతామంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. చూస్తూ కూర్చోవడం ఆయన స్వభావం కాదు, ఆయన లేకుండా ఈ పని చేయాలని మాకూ లేదు.

పెట్టెను తోస్తే చక్రాలు వాటంతట అవే పట్టాలెక్కే ఏటవాలు పలకను చెక్కతో ఇక్కడి వడ్రంగి చేత చేయించవచ్చునా? పట్టాల నడుమ అయస్కాంతం అమర్చి కొక్కేలను విడదీసే పద్ధతిని వాడినవారు దయచేసి మీ అనుభవం తెలుపగలరు. కూర్చుని మోచేతులు ఆనించుకోవడానికి బల్ల ఎంత ఎత్తు ఉండాలో కూడా చెప్పగలరని కోరుతున్నాను.