హనుమకొండలో ఇంటి దగ్గర లెక్కల ట్యూషన్: జూన్‌లో మొదలుపెట్టాలంటే?

హెచ్ఎన్‌కే_మ్యాథ్స్:
బీఎస్సీ, బీఈడీ చేశాను. ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. ఏప్రిల్‌తో మానేసి, జూన్ నుంచి ఇంట్లోనే 8, 9, 10 తరగతులకు ట్యూషన్ పెడదామని ఉంది. అద్దె ఇల్లు, ముందు హాలు 12×14 అడుగులు. ఎంతమంది పడతారు, ఫీజు ఎట్లా పెట్టాలి, పర్మిషన్లేమైనా కావాలా? మా వీధిలో అడిగినవాళ్లంతా "అన్ని సబ్జెక్టులూ చెప్తారు కదా మేడం" అంటున్నారు. ఒప్పుకోవాలా?

నల్లబల్ల:
ముందు స్కూలు సంగతి తేల్చుకోండి. విద్యాహక్కు చట్టం (2009) 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. ప్రైవేటు స్కూళ్లు అపాయింట్‌మెంట్ ఆర్డర్లో కూడా ఇదే షరతు రాస్తుంటాయి. అందుకని రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాకే గేటుకు బోర్డు కట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూల్లో ఇచ్చి ఉంటే అంతకన్నా ముందు అవి తెచ్చుకోండి. తమ పిల్లలే మీ ఇంటికొస్తారని తెలిస్తే వాటి కోసం తిప్పించే యాజమాన్యాలు ఉన్నాయి.

కోచింగ్ సెంటర్లలో పదహారేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అవి 50 మందికి మించి ఉన్నచోట్లకు. మూడు తరగతులకూ కలిపి ముప్పై మంది వచ్చినా మీకు ఆ బెంగ లేదు. రేపు ఇంకో టీచర్ని పెట్టుకుని పెంచితే మాత్రం ట్యుటోరియల్ రిజిస్ట్రేషన్ గురించి డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో అడగండి. జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటితేనే. ఆదాయం లెక్క రాసి పెట్టుకుని ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేస్తే చాలు, రేపు లోన్‌కి అదే అక్కరకొస్తుంది.

ఇంటి ఓనరుకు ముందే చెప్పండి. గేటు ముందు సైకిళ్లు, మెట్ల మీద చెప్పులు, సాయంత్రం వచ్చే తల్లిదండ్రుల బండ్లు: గొడవలన్నీ వీటి దగ్గరే పుడతాయి.

మార్కర్_పెన్ను:
12×14 అంటే 168 చదరపు అడుగులు. 12 అడుగుల గోడకు బోర్డు పెట్టి ముందు మూడడుగులు వదిలితే 132 మిగులుతుంది. కింద కూర్చుని చిన్న రాత బల్లలు వేసుకుంటే ఒక్కొక్కరికి పదకొండు, పన్నెండు చదరపు అడుగులు కావాలి, మధ్యలో మీరు తిరగాలి కదా. పన్నెండుమంది పడతారు, పదిమందితో ఆపండి. లెక్కల ట్యూషన్‌లో మీరు నోటుబుక్కులోకి తొంగిచూడలేని పిల్లాడు ఫీజు కట్టే ప్రేక్షకుడే. బోర్డు 6×4 తీసుకోండి. ట్యూబ్‌లైట్ బోర్డుకు ఎదురుగోడన ఉంటే మెరుపు కొట్టి సగంమందికి కనపడదు, పక్కగోడకు మార్చండి.

పదోతరగతిని 8, 9తో కలపొద్దు. సోమ, బుధ, శుక్ర ఒక జట్టు, మంగళ, గురు, శని ఇంకో జట్టు. స్కూలు నుంచి పిల్లలు ఇల్లు చేరేసరికి ఐదవుతుంది, ఏదో తిని వస్తారు. 5:45 నుంచి 7, 7:10 నుంచి 8:25 సరిపోతుంది.

ఫీజు వీధిలో పక్కవాళ్లని చూసి పెట్టొద్దు, గంటల లెక్కన కట్టండి. ఉదాహరణకు నెలకు 1,200 చొప్పున పదిమంది: 12,000. నెలకు 12 క్లాసులు, గంటంపావు చొప్పున 15 గంటలు. పరీక్ష పేపర్లు దిద్దడం, ప్రశ్నలు తయారుచేయడం ఇంకో ఆరేడు గంటలు. అంటే గంటకు 550 చిల్లర. అందరూ మర్చిపోయేది వేసవి. మే ఖాళీ, ఏప్రిల్ సగమే. మూడు బ్యాచ్‌లకు నెలకు 36,000 వచ్చినా పది నెలలే లెక్కేసి పన్నెండుతో భాగించాలి, అప్పుడు చేతికి నిలిచేది 30,000. మీ జీతం ఇంతకన్నా ఎక్కువైతే మానేసేముందు మళ్లీ ఆలోచించండి.

ఫీజు నెల మొదట్లో, 5వ తారీఖు లోపు. పిల్లాడు రాకపోతే తగ్గింపు లేదు, మీరు సెలవు పెడితే ఆదివారం పూడ్చాలి. దసరా, సంక్రాంతి సెలవులకు కోత ఉండదు. ఇదంతా అడ్మిషన్ రోజే ఒక కాగితం మీద రాసి సంతకం చేయించుకోండి. నెలాఖరుకు తీసుకుంటే చివరి నెల ఫీజు ఎగ్గొట్టి మాయమయ్యేవాళ్లే ఎక్కువ.

అన్ని సబ్జెక్టులకూ ఒప్పుకోకండి. ఆ పని హోంవర్కు చేయించడమే. పదిమంది పది రకాల డైరీలు తెస్తారు, మీ బీఈడీ అక్కడ పనికిరాదు.

రెండోబ్యాచ్:
చివరి మాటతో పూర్తిగా ఏకీభవించను. 8 నుంచి పైకి లెక్కలొక్కటే అనడం సరే. కానీ మొదటి ఏడాది అద్దె ఆగదు కదా. ఐదు, ఆరు తరగతుల పిల్లల్ని ఆరుగురికి మించకుండా, ఒక్క గంట, హోంవర్కుకే అని స్పష్టంగా చెప్పి తీసుకోవచ్చు. వాళ్లే రెండు మూడేళ్లలో మీ ఎనిమిదో తరగతి బ్యాచ్.

చేరిన రోజే ఇరవై లెక్కల పరీక్ష పెట్టండి, 6, 7 తరగతులవే: రుణసంఖ్యలు, భిన్నాలు, బ్రాకెట్లు, శాతాలు, ఒక చరరాశి సమీకరణం. వర్గసమీకరణాలు రావడం లేదని వచ్చే పిల్లల్లో చాలామందికి రానిది −3 నుంచి −5 తీసేయడం. ఆ పేపరు తల్లిదండ్రులకు చూపించి దాచిపెట్టండి. ఎఫ్‌ఏలో (స్కూల్లో ఏడాది మధ్యమధ్యలో పెట్టే పరీక్షలు) మార్కులు పెరగలేదని గొడవకొస్తే మాట్లాడేది ఆ పేపరే.

హెచ్ఎన్‌కే_మ్యాథ్స్:
చాలా థాంక్సండి. పదో తరగతికి ఇద్దరు సీబీఎస్ఈ పిల్లలు అడుగుతున్నారు. స్టేట్ వాళ్లతో కలిపేయొచ్చా?

నల్లబల్ల:
వద్దు. మన తెలంగాణ పదో తరగతి పుస్తకంలో సమితులు, సంవర్గమానాలు (లాగ్‌లు), గుణశ్రేఢి ఉన్నాయి, సీబీఎస్ఈ వాళ్లు చదివే ఎన్‌సీఈఆర్‌టీలో అవి లేవు. మీరు లాగ్‌లు చెప్తున్న వారమంతా ఆ ఇద్దరూ ఖాళీగా కూర్చుంటారు. పేపరు తీరూ వేరు. సీబీఎస్ఈలో 80 మార్కులకు ఒక్కో మార్కు ప్రశ్నలు ఇరవై, నాలుగేసి మార్కుల కేస్ స్టడీలు (ఒక సందర్భం ఇచ్చి దాని మీద అడిగేవి) మూడు. పైగా లెక్కల పేపరు స్టాండర్డా (కష్టమైనది) బేసిక్కా (తేలికైనది) అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. 2026 నుంచి వాళ్లకు ఏడాదికి రెండు బోర్డు పరీక్షలు, మొదటిది ఫిబ్రవరిలోనే, అంటే డిసెంబరుకల్లా సిలబస్ అయిపోవాలి. స్టేట్ వాళ్లకు మార్చి దాకా టైముంది. నలుగురు సీబీఎస్ఈ పిల్లలు దొరికితే ఆదివారం విడిగా రెండున్నర గంటలు పెట్టి, ఫీజు ఎక్కువ చెప్పండి. ఇద్దరే అయితే మర్యాదగా కాదనండి.

ఇంకోటి. జనవరి నుంచి ప్రైవేటు స్కూళ్లు పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్స్ పెడతాయి, 5:45 బ్యాచ్‌కి ఎవరూ రాలేరు. పదోతరగతిని మొదటినుంచీ 7:10కే వేయండి.